6 మైక్రాన్ల హద్దు

పొడి ఎంత మెత్తగా ఉంటే అంత మేలని చాలామంది అనుకుంటారు. మంగంపేట ముగ్గురాయి దగ్గర ఆ లెక్క చెల్లదు. రైల్వే కోడూరు పక్కనున్న ఈ గనుల రాయి, అంటే బెరైటీస్, నీటికన్నా నాలుగు రెట్లకు పైగా బరువు. ఆ బరువు కోసమే దాన్ని పొడి చేసి చమురు బావులు తవ్వేచోట బురదలో కలుపుతారు. అడుగు నుంచి తన్నుకొచ్చే గ్యాసును అదిమిపెట్టేది ఆ బరువే.

అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ఈ పొడికి రెండు హద్దులు పెట్టింది. 75 మైక్రాన్ల జల్లెడ మీద నూటికి 3 పాళ్లకు మించి మిగలకూడదు. 6 మైక్రాన్లకన్నా సన్ననిది 30 పాళ్లు దాటకూడదు. మొదటిది ఎవరైనా ఊహిస్తారు: గరుకు రేణువులు పంపుల్ని అరగదీస్తాయి, అడుగున పేరుకుంటాయి. నాకు గౌరవం రెండోదాని మీద. సన్నబడేకొద్దీ పొడికి ఉపరితలం పెరుగుతుంది, బురద చిక్కబడి పంపుకు భారమవుతుంది.

ఈ రాయిని పొడి చేసే రేమండ్ మిల్లులో రోలర్లు తిరిగే వేగానికి బయటికి విసురుకుని రింగును ఒరుసుకుంటాయి. మధ్యలో నలిగిన పొడిని గాలి పైకి లేపుతుంది. పైన తిరిగే క్లాసిఫయర్ గరుకును మళ్లీ కిందికి పంపి, సన్నదాన్ని వదులుతుంది. రాయిని నలగ్గొట్టడం యంత్రం పని. చాలినంత నలిగిన రేణువును ఇక నలగనివ్వకుండా బయటికి తీయడంలోనే, నా దృష్టిలో, ఆపరేటర్ పనితనం ఉంది. రాయి వేసే జోరు, గాలి, క్లాసిఫయర్ వేగం మూడూ కుదరాలి. చేయి తిరిగినవాళ్లు చిటికెడు పొడి వేళ్ల మధ్య నలిపి గరుకు పసిగడతారు. 6 మైక్రాన్లు మాత్రం వేళ్లకు అందవు. పొడి కలిపిన నీళ్లలో హైడ్రోమీటరు వేసి, రేణువులు దిగేదాకా కూర్చోవాలి. 75 మైక్రాన్ల రేణువు 6 మైక్రాన్లదానికన్నా సుమారు 150 రెట్లు వేగంగా దిగిపోతుంది. ల్యాబ్‌లో ఆ ఓపిక చూస్తే నాకు ముచ్చటేస్తుంది.

ఊపిరితిత్తుల లోతుకు పోయేదీ అంత సన్నని దుమ్మే. రాయితోపాటు సిలికా నలిగితే సిలికోసిస్ భయం. దుమ్ము పట్టే బ్యాగ్ ఫిల్టరు గుడ్డ చిరిగిన ఓ మిల్లులో సంచులు నింపేవాళ్లు మూతికి తువ్వాలు కట్టుకుని పనిచేయడం చూశాను. తువ్వాలు నేత సందుల్లోంచి ఆ రేణువులు ఇట్టే దూరిపోతాయి. ఎక్కడో బావిలో పంపు కోసం 6 మైక్రాన్లు లెక్కగట్టే ల్యాబ్, సంచులు నింపేచోటి గాలిలో దుమ్మును కూడా తూచాలి. ఆ అంకె రోజూ కూలీలకు కనిపించేలా బోర్డు మీద రాయాలి. చిరిగిన గుడ్డ మార్చేదాకా మిల్లు ఆపాలి.