జ్ఞాపకానికీ సాక్ష్యానికీ నడుమ: బీటిల్స్ ‘గెట్ బ్యాక్’ చిత్రం – ఒక విమర్శనాత్మక పరిశీలన

1960ల నాటి రాక్ సంగీతకారుల గురించి వెలువడిన ఆత్మకథలు, ఇంటర్వ్యూలు, డాక్యుమెంటరీలు ఇవాళ ఒక ప్రత్యేక వాఙ్మయంగా పెరిగాయి. వాటిలో అధికభాగానికి జ్ఞాపకమే ఆధారం. చెప్పిన మాటను సరిచూసుకోవడానికి వేరే సాక్ష్యం సాధారణంగా దొరకదు. 1969 జనవరిలో బీటిల్స్ బృందం సాగించిన సాధన ఇందుకు అరుదైన మినహాయింపు. ఆ నెలంతా కెమెరాలు, టేపు యంత్రాలు వారి పక్కనే ఉన్నాయి. సుమారు 60 గంటల చిత్రం, 150 గంటలకు పైబడిన ధ్వని మిగిలాయి. వాటి నుంచి మైకేల్ లిండ్సే-హాగ్ 1970లో ‘లెట్ ఇట్ బీ’ని, పీటర్ జాక్సన్ 2021లో మూడు భాగాల ‘గెట్ బ్యాక్’ను రూపొందించారు. మొదటిది గంటన్నరలోపు ముగుస్తుంది. రెండవది దాదాపు ఎనిమిది గంటలు సాగుతుంది. ముడిసరుకు ఒకటే అయినా, మొదటి చిత్రాన్ని లోకం విషాదంగా చూసింది, రెండవదాన్ని ఉల్లాసంగా చూసింది. ఈ తేడా ఎక్కడ పుట్టిందన్నదే ఇక్కడి పరిశీలనాంశం.

వార్త ముందు, చిత్రం వెనుక

పాల్ మెకార్ట్నీ బృందం నుంచి వైదొలగిన వార్త 1970 ఏప్రిల్ 10న పత్రికలకెక్కింది. ‘లెట్ ఇట్ బీ’ ఆ మే నెలలో విడుదలైంది. ప్రారంభ ప్రదర్శనకు నలుగురిలో ఒక్కరూ హాజరు కాలేదు. ప్రేక్షకుడు థియేటరులో అడుగుపెట్టేనాటికే ముగింపు అతనికి తెలుసు. అందుచేత తెరమీది ప్రతి మౌనమూ, ప్రతి విసుగూ చీలికకు సూచనగానే కనిపించింది. గిటారు వాయించే పద్ధతి మీద మెకార్ట్నీకీ జార్జ్ హారిసన్‌కూ జరిగిన చిన్న వాదన ఆ చిత్రం మొత్తానికి ప్రతినిధి దృశ్యమైపోయింది. నిజానికి అదే చిత్రంలో నవ్వులు ఉన్నాయి. చివర జనవరి 30 నాటి మేడమీది కచేరీ ఉంది. అయినా అవి ఎవరికీ గుర్తులేవు. ఆ పైన ఈ చిత్రం దశాబ్దాలపాటు అందుబాటులో లేకుండాపోయింది. చూడడానికి చిత్రం లేనప్పుడు దాని గురించిన అపవాదే మిగిలింది. 2024 మేలో అది తిరిగి విడుదలైన తరువాత చూసినవారికి, అపకీర్తికి తగినంత చీకటి అందులో లేదని తెలియకపోదు.

సంగీతకారుల మాటలు ఈ అభిప్రాయాన్ని మరింత గట్టిపరిచాయి. 1970 డిసెంబరులో రోలింగ్ స్టోన్ పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో జాన్ లెనన్ ఆ నెలను చేదుగా తలచుకున్నాడు. ఆ చిత్రం మెకార్ట్నీ కోసమే తీసినదన్నాడు. హారిసన్ జ్ఞాపకాలూ ఇంచుమించు అదే ధోరణిలో సాగాయి.

పని జరిగే తీరు

‘గెట్ బ్యాక్’ సాధించిన అసలైన మేలు ఉల్లాసం కాదు, వ్యవధి. సమీక్షకులు నవ్వులను లెక్కించడంలో పడి దీనిని తగినంతగా పట్టించుకోలేదు. జనవరి 7 నాటి దృశ్యం ఇందుకు మంచి ఉదాహరణ. లెనన్ ఇంకా రాలేదు. మెకార్ట్నీ బాస్ గిటారును మామూలు గిటారులా మీటుతూ అర్థంలేని పలుకులను పాడుతుంటాడు. ఎదురుగా కూర్చున్న హారిసన్ ఆవలిస్తాడు; రింగో స్టార్ ఊరికే చూస్తుంటాడు. కొద్ది నిమిషాల్లో ఆ గొణుగుడులోంచి ‘గెట్ బ్యాక్’ పాట వరస ఆకారం దాలుస్తుంది. హారిసన్ గిటారు అందుకుంటాడు, రింగో చప్పట్లు కలుపుతాడు. ఎవరూ ఆశ్చర్యపోరు. స్ఫూర్తి మెరుపులా వస్తుందన్న రొమాంటిక్ నమ్మకాన్ని ఇంత నిరాడంబరంగా పక్కకు నెట్టిన సన్నివేశం రాక్ డాక్యుమెంటరీలలో అరుదు. ఇందులో కనిపించేది పనివాళ్ల ఓపిక, పదేపదే చేయడం, విసుగు. గంటన్నర చిత్రంలో ఈ విసుగుకు చోటుండదు. ఉన్నా అది తగవుగా కనిపిస్తుంది. ఎనిమిది గంటల్లో అది పనిలో భాగంగా తేలుతుంది.

యోకో ఓనో విషయంలోనూ వ్యవధి ఇలాంటి మేలే చేసింది. బృందాన్ని విడగొట్టిన స్త్రీగా అర్ధశతాబ్దం నిందమోసిన ఆమె, ఇక్కడ గంటల తరబడి పత్రిక చదువుకుంటూ లెనన్ పక్కన కూర్చుని ఉంటుంది. ఆమె ఒక యాంప్లిఫయర్ మీద కూర్చున్నందుకే బృందం విడిపోయిందని యాభై ఏళ్ల తరువాత జనం అనుకుంటే ఎంత హాస్యాస్పదమో అని మెకార్ట్నీ ఆనాడే అన్నాడు. ఆ మాట విని నవ్వే ప్రేక్షకుడు సరిగ్గా ఆ యాభై ఏళ్ల అవతల ఉన్నవాడే.

అయితే సాక్ష్యం తనంతట తాను తీర్పు చెప్పదు. ఈ టేపులలో అనేకం చేతులు మారి, అనధికారిక రికార్డులుగా 1970ల నుంచే చెలామణిలో ఉన్నాయి. వాటిని రోజువారీగా విని డగ్ సల్పీ, రే ష్వైగార్ట్ 1990లలో ఒక గ్రంథం రాశారు. వారికి ఆ నెల ఒక వైఫల్యంగా వినిపించింది. అంటే దీర్ఘమైన ఆధారమంతా విన్నవారు కూడా విషాదాన్నే గుర్తించగలిగారు. కాబట్టి జాక్సన్ చిత్రం సత్యాన్ని బయటపెట్టిందనీ, లిండ్సే-హాగ్ చిత్రం దాచిందనీ అనడం తేలికపాటి మాట. రెండూ ఎంపికలే. ధ్వని మాత్రమే మిగిలిన చోట్ల జాక్సన్ వేరే సందర్భాల దృశ్యాలను జోడించాడు. ఇంకొక సంగతి: ఈ చిత్ర నిర్మాతలలో మెకార్ట్నీ, రింగో, యోకో ఓనో, ఒలీవియా హారిసన్ ఉన్నారు. సాక్షులే సంపాదకులకు యజమానులైన సందర్భమిది.

హారిసన్ వైపు నుంచి

జనవరి 10న మధ్యాహ్న భోజన వేళ హారిసన్ బృందాన్ని విడిచి వెళ్లిపోయాడు. 1970 చిత్రం ఈ ఘటనను పూర్తిగా వదిలేసింది. జాక్సన్ దీనితోనే మొదటి భాగాన్ని ముగించాడు. ఈ విషయంలో కొత్త చిత్రమే నిజాయితీగలది. మూడు రోజుల తరువాత క్యాంటీన్‌లో పూలకుండీలో దాచిన మైకు పట్టిన సంభాషణలో, హారిసన్ మనసుకు తగిలిన గాయాన్ని తాము నిర్లక్ష్యం చేశామని లెనన్ ఒప్పుకోవడం వినిపిస్తుంది. అంతటి మాటను సాటి సంగీతకారుడి ముందు చెప్పక, అతడు లేనప్పుడు చెప్పడం గమనించదగినది.

హారిసన్ తిరిగి వచ్చాడు. సాధన ట్వికెన్‌హామ్ నుంచి సావిల్ రోలోని యాపిల్ స్టూడియోకు మారింది. జనవరి 22న కీబోర్డు వాద్యకారుడు బిల్లీ ప్రెస్టన్ చేరాక వాతావరణం తేలికపడింది. చిత్రం కూడా ఇక్కడినుంచి తేలికపడి, మేడమీది కచేరీ వైపు పరుగెత్తుతుంది. ఈ పరుగులో ఒక ప్రశ్న వెనుకబడుతుంది. ఆ నెల హారిసన్ తెచ్చిన ‘ఆల్ థింగ్స్ మస్ట్ పాస్’ పాటను బృందం సాధన చేసి పక్కనపెట్టింది. 1970 నవంబరులో అదే పేరుతో అతడు మూడు రికార్డుల ఆల్బమ్ వెలువరించాడు. సమస్య పరిష్కారం కాలేదు, వాయిదా పడింది. అహంకార మమకారాల మీద అతడు ఆ రోజుల్లోనే కట్టిన ‘ఐ మీ మైన్’ను హాలులో పాడుతుంటే లెనన్, యోకో వాల్ట్జ్ నాట్యమాడారు. చిత్రంలో అది ముచ్చటైన దృశ్యం. పాడుతున్నవాడి వైపు నుంచి చూస్తే అంత ముచ్చటగా ఉండదు. 1980లో హారిసన్ తన ఆత్మకథకు ఆ పాట పేరే పెట్టాడు. అందులో తన ప్రస్తావన అతి తక్కువగా ఉందని లెనన్ బహిరంగంగానే నొచ్చుకున్నాడు.

లెనన్ 1980లో, హారిసన్ 2001లో మరణించారు. 2021లో చిత్రం చూశాక తమ జ్ఞాపకాలు తేటపడ్డాయని మెకార్ట్నీ, రింగో సంతోషించారు. జ్ఞాపకాన్ని సవరించుకునే అవకాశం బతికున్న ఇద్దరికే దక్కింది. చేదుగా తలచుకున్న ఇద్దరి వాంగ్మూలాలు పాతవిగానే మిగిలాయి. ఈ అసమానత 2023 నవంబరులో ‘నౌ అండ్ దెన్’ పాటతో మరింత స్పష్టమైంది. టేపులను విడదీయడానికి జాక్సన్ బృందం వాడిన సాంకేతికతే లెనన్ పాత క్యాసెట్‌లోని గొంతును పియానో నుంచి వేరుచేసింది. 1995లో ఆ పాటకు పని మొదలుపెట్టి, క్యాసెట్ నాణ్యత బాగాలేక మధ్యలో ఆపేశారు. హారిసన్‌కు దానిమీద ఆనాడు మంచి అభిప్రాయం లేదని మెకార్ట్నీయే చెప్పాడు. 1995లో హారిసన్ వాయించిన గిటారు మాత్రం 2023 పాటలో వినిపిస్తూనే ఉంది.