'రోమ్': ఒక నామవాచకం – వ్యుత్పత్తి, రూపం

రోమానీ భాషలో 'రోమ్' అంటే పురుషుడు, భర్త. ఆ జాతివాడు అని కూడా. ఈ మాట రోమ్ నగరం నుంచో, రుమేనియా నుంచో వచ్చిందన్న వివరణ మీరు వినే ఉంటారు. ఇందులోని లోపం ధ్వనిసామ్యాన్నే ఆధారంగా తీసుకోవడం. వ్యుత్పత్తికి క్రమమైన ధ్వని పరిణామం కావాలి.

పశ్చిమాసియాలోని ఒక సోదర జాతి పేరు 'దోమ్', ఆర్మేనియాలోని మరొకదాని పేరు 'లోమ్'. ఈ మూడింటికీ మూలం సంస్కృత 'డోంబ' అని ఎక్కువమంది భాషాశాస్త్రవేత్తల అభిప్రాయం. డకారం రేఫ కావడం ఇతర పదాల్లోనూ ఉంది: 'అండ' కొన్ని మాండలికాల్లో 'అన్‌రో' (గుడ్డు) అయింది.

ఇక రూపం చూడండి. బహువచనం 'రోమా', స్త్రీలింగం 'రోమ్నీ'. విభక్తి ప్రథమారూపానికి నేరుగా చేరదు. ముందు 'రోమెస్‌-' అనే అంగం ఏర్పడి, తర్వాత 'రోమెస్కె' (పురుషునికి) అవుతుంది. తెలుగులో 'ఇల్లు, ఇంటి, ఇంటికి' గుర్తుకు వస్తుంది కదా! అయితే ఇది పోలికే, బంధుత్వం కాదు. రోమానీ ఇండో-ఆర్య భాష, తెలుగు ద్రావిడ భాష.

భారతదేశంలో 'డోమ్' అంటరానితనానికి గురైన కులం పేరు. అందుకే ఈ వ్యుత్పత్తిని ఇష్టపడనివారూ ఉన్నారు. కాని పదమూలం మనిషి గౌరవాన్ని నిర్ణయించదు. ఒక్క పదం జాతి చరిత్రనంతా నిరూపించనూ లేదు. 'జిప్సీ' మాత్రం వీరు ఈజిప్టువారన్న పొరపాటుతో ఇతరులు పెట్టిన పేరు. 1971లో లండన్ దగ్గర జరిగిన మొదటి ప్రపంచ రోమానీ మహాసభ దాన్ని కాదని 'రోమా'ను ఎంచుకుంది. విమర్శకులుగా మీరూ ఆ పేరే వాడండి.

అభ్యాసం: 'ఊరు', 'చెయ్యి' పదాలకు 'కి' చేర్చి, మధ్యలో ఏర్పడే అంగాన్ని గుర్తించండి.