గుంత ఎవరెత్తాలి?

జరిమానా వెయ్యకుండా, మెల్లగా మోచేత్తో పొడిచి మనిషి అలవాటు మార్చొచ్చునంటుంది 2018-19 ఆర్థిక సర్వే రెండో అధ్యాయం. రిచర్డ్ థేలర్ వాళ్లు దీనికి పెట్టిన పేరు ‘నడ్జ్’. సర్వే చూపే సాక్ష్యం స్వచ్ఛ భారత్. 2014 అక్టోబర్ 2న మొదలైన ఆ పథకంలో మరుగుదొడ్డికి 12,000 రూపాయల ప్రోత్సాహకం. దొడ్లు లేచినయి. ఊరి మురికి తగ్గితే వాడకూ మేలే, కాదనం.

గుంత నిండితే ఎవరెత్తాలి? జంట గుంతల్లో ఒకటి నిండితే మూసి రెండోది వాడతారు. మూసింది ఏడాది, రెండేళ్లకు ఎరువవుతుంది. ఇంటాయనే పార పట్టి తియ్యొచ్చు. తీస్తాడా? చిన్న గుంతలంటే ఉత్తరాది పల్లెలు జంకడం వెనక కులపు అంటు ఉందని డయాన్ కాఫీ, డీన్ స్పియర్స్ 2017 నాటి పుస్తకంలో చూపారు. మన దేశంలో కాలుష్యానికి అదీ ఒక అర్థమే.

దొడ్డికి పోవడం అలవాటు కావొచ్చు. పాకీపని ఎవరి అలవాటూ కాదు, కులం నెత్తిన పెట్టిన బరువు. 1993లో, మళ్లీ 2013లో చట్టాలొచ్చినా దిగలేదు. మురుగుకాల్వ చావుకు పరిహారాన్ని 10 లక్షల నుంచి 30 లక్షలకు సుప్రీంకోర్టు పెంచింది 2023లోనే.

దొడ్డి కట్టినోడికి ప్రోత్సాహకం, ఎత్తినోడికి చచ్చాక పరిహారం. ఈ తేడాను అడగని పర్యావరణ శాస్త్రం మనకెందుకు?