నిద్రపోయే తీరిక ఎవరికి?

విరహం అనగానే మన విమర్శకి ఎదురుచూసే ఆడదే గుర్తొస్తుంది. ఆ పాటల్ని ‘శృంగారం’లోనో ‘కరుణ’లోనో సర్దేసి ముందుకి సాగిపోతాం. పోయిన ప్రేమని ఆ స్త్రీ ఏం చేసుకుందన్న ప్రశ్న అలాగే మిగిలిపోతుంది.

‘ఊర్మిళాదేవి నిద్ర’ పాటని ఈ ప్రశ్నతో చదివి చూద్దాం. లక్ష్మణుడు అన్న వెంట అడవికి పోతే, ఊర్మిళ పద్నాలుగేళ్లు నిద్రపోతుంది. పాతివ్రత్యానికి ఇంతకన్నా నిదర్శనం ఏముంటుందని పెద్దలంటారు. నన్ను ఆపింది తర్వాతి ఘట్టం. తిరిగొచ్చిన మొగుణ్ణి ఆమె గుర్తుపట్టదు. పరాయి ఆడదాన్ని కోరిన ఇంద్రుడికీ, రావణుడికీ ఏ గతి పట్టిందో చెప్పి మందలిస్తుంది. చివరికి గుర్తుపడుతుంది, కథ సుఖాంతమవుతుంది. కానీ ఆ కాసేపూ అతను పరాయివాడే. వదిలి వెళ్లినవాణ్ణి నిలదియ్యడానికి దొరికిన ఒకే ఒక్క భాష పాతివ్రత్యం. ఆ భాషతోనే పాట అతన్ని గడప అవతల నిలబెట్టింది.

తెనాలి కాలేజీలో 1973 నుంచి 1986 దాకా తెలుగు చెప్పిన ఓల్గా, ‘విముక్త’లో ఈ నిద్రనే మార్చేశారు. 2015లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆ పుస్తకంలో ఊర్మిళ తలుపు మూసుకుంటుంది గానీ నిద్రపోదు. కోపం నుంచి ఆలోచనకి, ఆలోచన నుంచి విడుదలకి నడుస్తుంది. పాట దాచిపెట్టిన మెలకువని కథ బయటపెట్టింది.

అయితే రెండింటిలోనూ ఒక గది ఉంది, ఒక తలుపుంది. స్త్రీల రామాయణపు పాటలు ప్రధానంగా బ్రాహ్మణ స్త్రీలు ఇళ్లలో పాడుకున్నవని, కింది కులాల స్త్రీల పాటల చూపు వేరని వెల్చేరు నారాయణరావు 1991 నాటి వ్యాసంలో చూపించారు. బాపట్ల, రేపల్లె వైపు నాట్లకి వెళ్లిన స్త్రీల పాటలు వింటున్నప్పుడు ఆ తేడా నాకు చెవికే తెలిసింది. మనసు విరిగినా పొద్దున్నే కూలికి పోవాల్సిందే. ఒకామె ఎత్తుకుంటుంది, మిగతావాళ్లు అందుకుంటారు. ‘నన్నొదిలి పోయాడు’ అన్న భావం పదిమంది నోట పడేసరికి అది ఎవరి కథో తెలియకుండా పోతుంది. వెక్కిరింత కలుస్తుంది, నవ్వు కలుస్తుంది. ఇక్కడ వదులుకోవడం ఒక్కతే చేసే తపస్సు కాదు, పదిమంది పంచుకునే బరువు.

దీన్ని తీపి చేసి చెప్పడం నాకిష్టం లేదు. ఆ గుంపులో పేరు చెప్పుకుని ఏడ్చే చోటు కూడా ఉండదు. పాట ఓదారుస్తుంది, కూలి పెంచదు.

వెదజల్లే సాగూ యంత్రాలూ వచ్చాక నాట్ల ముఠాలు తగ్గాయి, వాటితో పాటు పాడే సందర్భమూ తగ్గింది. గదిలో నిద్రపోయిన ఊర్మిళకి అచ్చయిన పాట ఉంది, తిరగరాసిన కథ ఉంది. నిద్రపోయే తీరికే లేని ఊర్మిళల దుఃఖాన్ని కూడా ఆలోచనగా చదివేదాకా మన విమర్శ సగమే.