ఎడమ భుజం మీది వెలుతురు

ఇంటి ప్లాను చేతికొస్తే మనవాళ్లు మొదట వెతికేది సింహద్వారం ఎటుందని. రోజెన్‌వాల్డ్ బళ్ల ప్లాన్లు చూస్తే వాళ్లకు ప్రాణం లేచొస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల పల్లెల్లో వందేళ్ల కిందట నల్లజాతి పిల్లల కోసం కట్టిన బళ్లివి. ఇద్దరు టీచర్ల బడికి గీసిన ఇరవయ్యో నంబరు ప్లాను మీద, ఈ కట్టడం ముఖం తూర్పుకో పడమరకో తప్ప ఇంకో దిక్కుకు ఉండకూడదని రాసి ఉంటుంది. వాస్తు పట్టింపేమో అనుకుంటాం. అక్కడ దిక్కు చూసింది గుమ్మం కోసం కాదు, పిల్లవాడి పుస్తకం మీద పడే వెలుతురు కోసం.

పైపైన చూస్తే ఆ ప్లానులో విశేషమేమీ కనపడదు. పక్కపక్కనే రెండు తరగతి గదులు. ముందువైపు కాస్త బయటికి పొడుచుకొచ్చిన చేతిపనుల గది. కోట్లు, అన్నం డబ్బాలు పెట్టుకోవడానికి ఇరుకు గదులు. నేల మీది తేమ చెక్కకు అంటకుండా కట్టడం మొత్తాన్ని పొట్టి ఇటుక స్తంభాల మీద ఎత్తి నిలబెట్టారు. కానీ తరగతి గదుల పొడుగాటి గోడ దగ్గర చూపు ఆగిపోతుంది. అది గోడలా ఉండదు. ఒకదాన్నొకటి ఆనుకుని వరసగా నిలువెత్తు కిటికీలు, మధ్యలో సన్నటి చెక్క కమ్మీలు, అంతే. విడివిడిగా కిటికీలు పెట్టి మధ్యలో గోడ వదిలితే గదిలో వెలుగు చారలు చారలుగా పడుతుంది. నీడ చారలో కూర్చున్న పిల్ల కళ్లు చికిలించుకుంటూ చదవాలి. గీసినవాడు ఆ పిల్లను తలుచుకుని గీశాడు.

కిటికీ పలకలు పైకీ కిందికీ జరిగేవి. పై పలక దించితే వేడిగాలి బయటికి పోతుంది, కింది పలక ఎత్తితే చల్లగాలి లోపలికొస్తుంది. గాలి ఆడడానికి లోపలి గోడల్లో బాగా ఎత్తున చిన్న చిన్న కిటికీలు పెట్టారు. పెద్ద కిటికీల వంటివి ఎదురుగా ఇంకో వరస పెట్టొచ్చు కదా అనిపిస్తుంది. పెట్టలేదు. రెండు పక్కల నుంచీ వెలుగొస్తే రాసే చేతి నీడలు రెండవుతాయి. వెలుతురు ఒక్క పక్క నుంచే రావాలి, అదీ పిల్లల ఎడమ భుజం మీదుగా రావాలి, అప్పుడే కుడిచేతి నీడ అక్షరం మీద పడదు. బల్లలు ఎటు తిప్పి వేయాలో కూడా దాన్ని బట్టే. (ఎడమచేతి వాటం పిల్లల గురించి ఆ రోజుల్లో ఎవరూ బెంగపెట్టుకోలేదు.)

ఇక తూర్పు పడమరలే ఎందుకంటే, దక్షిణానికి కిటికీలు పెడితే రోజంతా ఎండ గదిలోనే కాపురం ఉంటుంది. ఉత్తరానికి పెడితే అసలు తొంగి చూడదు. తూర్పైతే పొద్దున, పడమరైతే సాయంత్రం కాసేపు ఎండ తగిలి వెళ్లిపోతుంది, మిగతా పూటంతా చల్లని వెలుగు ఉంటుంది. మరి ఊరి రోడ్డు బడికి ఉత్తరానో దక్షిణానో ఉంటే? దానికి వేరే ప్లాను ఉంది. టీచర్ల సంఖ్య అదే, అవసరాలు అవే, కిటికీల గోడ మాత్రం పక్కకు తిరుగుతుంది. రోడ్డు ఎటున్నా సరే, సూర్యుడి దగ్గర మాత్రం రాజీ లేదు. 1930ల నడుమ దాకా కూడా అమెరికా పల్లెల్లో పదిళ్లకు తొమ్మిదింట కరెంటు లేదని గుర్తుంచుకుంటే, ఈ పట్టుదల చాదస్తంలా అనిపించదు. ఆ బళ్లకు ఉన్న ఒకే ఒక్క దీపం సూర్యుడు.

బళ్లకు పేరిచ్చిన జూలియస్ రోజెన్‌వాల్డ్ సియర్స్ రోబక్ కంపెనీ అధిపతి. 1911లో ఆయనకు టస్కీగీ విద్యాసంస్థ నడిపే బుకర్ టి. వాషింగ్టన్‌తో పరిచయమైంది. మరుసటేడు తన యాభయ్యో పుట్టినరోజుకు ఆయన టస్కీగీకి 25 వేల డాలర్లిస్తే, అందులో కొంత సొమ్ముతో అలబామా పల్లెల్లో ఆరు చిన్న బళ్లు కట్టించనిమ్మని వాషింగ్టన్ అడిగాడు. మొదటిది 1913లో లీ కౌంటీలోని లోచపోకలో లేచింది. అక్కణ్నుంచి 1932 నాటికి 15 రాష్ట్రాల్లో 4,977 బళ్లు, 217 టీచర్ల ఇళ్లు, 163 వర్క్‌షాపులు అయ్యాయి. సియర్స్ వాళ్లు అప్పట్లో ఇళ్ల సామాను కట్టలు కట్టి రైలెక్కించి అమ్మేవారు కాబట్టి ఈ బళ్లూ అలాగే వచ్చాయని చాలామంది నమ్మకం. అది నిజం కాదు. కంపెనీ నుంచి మేకు కూడా రావాలన్న నిబంధన లేదు. కలప ఊరిది, వడ్రంగి ఊరివాడు. బయటినుంచి వచ్చింది కాగితం, కొంత డబ్బు.

ఆ కాగితం గురించి రాసేవాళ్లు ఎక్కువగా రోజెన్‌వాల్డ్ నిధి నాష్‌విల్ ఆఫీసు నడిపిన శామ్యూల్ స్మిత్‌నే మెచ్చుకుంటారు. నాకు మాత్రం ముందు టస్కీగీకి దణ్నం పెట్టాలనిపిస్తుంది. అక్కడి వాస్తుశిల్పి రాబర్ట్ ఆర్. టేలర్, 1892లో ఎంఐటీ నుంచి పట్టా పుచ్చుకున్న తొలి నల్లజాతి విద్యార్థి. ఆయనా, డబ్ల్యు. ఎ. హేజెలూ కలిసి గీసిన పల్లె బళ్ల ప్లాన్ల పుస్తకం 1915లోనే వచ్చింది. తర్వాత బళ్లు వందల్లో లేస్తుంటే పనితనం ఊరికో తీరుగా తయారైంది. పీబాడీ కాలేజీలో బడి ఆరోగ్యశాస్త్రం చెప్పే ఫ్లెచర్ డ్రెస్లర్ వాటిని తిరిగి చూసి, లోపాలు మొహమాటం లేకుండా రాసిచ్చాడు. 1920లో పని టస్కీగీ నుంచి నాష్‌విల్‌కు మారింది. డ్రెస్లర్ శిష్యుడే స్మిత్. గురువు ఎత్తిచూపిన తప్పులకు శిష్యుడు గీతల్లో జవాబు రాశాడు. ఆ ప్లాన్లను అడిగినవాళ్లకల్లా ఉచితంగా పంచారు.

స్మిత్ ప్లాన్లలో నాకు నచ్చిన ఇంకో సంగతి, బడిని గదుల లెక్కన కాక టీచర్ల లెక్కన కొలవడం. ఒక టీచరు బడి, ఇద్దరు టీచర్ల బడి, ముగ్గురు టీచర్ల బడి, ఇలా. సింగిల్ టీచర్ బళ్లలో చదువుకున్న మనకు ఈ లెక్క ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. గదులెన్ని కట్టినా, పాఠం చెప్పే మనిషి ఉన్నంత వరకే అది బడి.

గోడల రంగుల సంగతికొస్తే, పైకప్పు లోపలి వైపు మీగడ రంగు, గోడలకు లేత బూడిద రంగో పసుపు చాయో, కింద నడుమెత్తు వరకు ముదురు గోధుమ చెక్క. వెలుగు కిటికీలోంచి వచ్చి ఆగిపోకూడదు, పైకప్పుకు తగిలి గది ఆ చివర వరకూ పాకాలి. కూర్చున్న పిల్లల కళ్లకు ఎదురయ్యే చోట మాత్రం గోడ మెరవకూడదు. చేతుల మురికి కనపడదు, అది అదనపు లాభం. బయటికి ముదురు గోధుమ మీద తెల్ల అంచులు, లేదా తెలుపు మీద బూడిద అంచులు, లేదా లేత బూడిద మీద తెల్లవి. ప్లాన్లు ఒప్పుకున్నవి ఈ మూడే.

రెండు గదుల మధ్య అడ్డు కూడా ఉత్త గోడ కాదు. మడిచి పక్కకు తోసే తలుపులు. సాయంత్రం వాటిని తోసేస్తే రెండు తరగతులు కలిసి ఒక సభాస్థలం అవుతాయి. పిల్లల నాటకం, ఊరి సమావేశం, విందు, అన్నీ అక్కడే. చర్చి తప్ప తమదంటూ ఒక చూరు లేని మనుషులకు రెండో చూరు అది.

డబ్బు లెక్క చూస్తే పేరు ఎవరికి దక్కిందా అనిపిస్తుంది. మొత్తం ఖర్చు సుమారు 2 కోట్ల 84 లక్షల డాలర్లు. అందులో రోజెన్‌వాల్డ్ నిధి ఇచ్చింది 43 లక్షల పైచిలుకు. నల్లజాతి పల్లెవాసులు చేతినుంచి పెట్టింది 47 లక్షలు, అంటే దాతకన్నా ఎక్కువ. తెల్లవారి విరాళాలు 12 లక్షల దాకా, మిగతాది ప్రభుత్వ పన్నుల సొమ్ము. కోళ్లమ్మారు, విందులు పెట్టి వేలం పాడారు, చెట్లు కొట్టి దుంగలు తోలారు. కొన్నిచోట్ల ఒక చెక్క భూమిలో పత్తి వేసి, పంట మొత్తం బడికే విడిచిపెట్టి, ఆ చేనుకు రోజెన్‌వాల్డ్ చేననే పేరు పెట్టారు. ఇదంతా ప్రభుత్వానికి పన్ను కట్టాక. ఆ పన్ను సొమ్ము అప్పటికే చాలావరకు తెల్లపిల్లల బళ్లకు పోయేది. చరిత్రకారుడు జేమ్స్ డి. ఆండర్సన్ దీన్ని రెండుసార్ల పన్ను అన్నాడు. ఆ మాటకు నేను చేర్చేదేమీ లేదు.

చేతిపనుల గది విషయంలోనూ నాకు కొంచెం కడుపులో మంటే. ప్రతి ప్లానులోనూ అది ఉండాల్సిందే. నల్లపిల్లలకు చదువుకన్నా పని ముఖ్యమన్న ఆనాటి ఆలోచన ఆ చదరంలో గడ్డకట్టి ఉంది.

అయితే ఒక్క షరతులోని తెలివిని మెచ్చుకోక తప్పదు. కనీసం రెండెకరాల స్థలం ఉండాలి, ఆ స్థలం, కట్టడం కౌంటీ విద్యాబోర్డు పేర రాసివ్వాలి. చూడ్డానికి అన్యాయంగా ఉంటుంది. కష్టపడి కట్టుకున్నది వాళ్లకెందుకు రాసివ్వాలి? రాసిచ్చాక అది దానధర్మం బడి కాదు, ప్రభుత్వ బడి. జీతం ఇవ్వాల్సింది కౌంటీ, ఏడాదికి కనీసం ఐదు నెలలైనా నడపాల్సింది కౌంటీ. పత్తి తీతలకు పిల్లల్ని పంపేసి మూణ్నెల్ల ముచ్చటగా బడి ముగించే చోట ఐదు నెలలంటే చిన్న సంగతి కాదు. షికాగో ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు ఆర్థికవేత్తలు డేనియల్ ఏరన్సన్, భాష్కర్ మజుందార్ తర్వాతెప్పుడో లెక్కలు తీస్తే, రెండు ప్రపంచ యుద్ధాల నడుమ దక్షిణాదిలో నల్లవారికీ తెల్లవారికీ చదువులో తేడా తగ్గడంలో ఈ బళ్ల వాటా గట్టిదేనని తేలింది. తర్వాతి రోజుల్లో అమెరికా కాంగ్రెసు సభ్యుడైన జాన్ లూయిస్ అలబామాలో పైక్ కౌంటీలోని ఇలాంటి బళ్లోనే అక్షరాలు దిద్దాడు.

అదే షరతు తర్వాత ఎదురు తిరిగింది కూడా. 1954లో సుప్రీంకోర్టు వేరువేరు బళ్లు చెల్లవన్నాక, 1960లలో కౌంటీలు ఒక్కొక్కటిగా మూసినవి ఎక్కువగా నల్లపిల్లల బళ్లనే. బోర్డు ఆస్తి కాబట్టి బోర్డు ఇష్టం. కొన్ని అమ్ముడుపోయాయి, కొన్నింట్లో గడ్డి నింపారు, చాలావాటిని కూల్చేశారు. కొన్ని ఊళ్లు మాత్రం తమ బడిని తామే మళ్లీ కొనుక్కున్నాయి. 5,357 కట్టడాల్లో ఇప్పుడు మిగిలినవి 500 దాకా. 2002లో అమెరికా జాతీయ వారసత్వ ట్రస్టు వీటిని ప్రమాదంలో ఉన్న చారిత్రక స్థలాల జాబితాలో చేర్చింది.

మిగిలినవాటిని కనిపెట్టడం కూడా తేలికేం కాదు. ఇల్లుగానో గిడ్డంగిగానో మారినప్పుడు ముందుగా పోయేవి కిటికీలే. కరెంటొచ్చాక అంత వెలుగు ఎవరికి కావాలి? అద్దాలు తీసేసి చెక్కలు కొట్టారు, మధ్యలో ఓ బుల్లి కిటికీ మిగిల్చారు. వెతుక్కుంటూ వెళ్లేవాళ్లు గుమ్మం వైపు చూడరు, కట్టడం చుట్టూ తిరిగి పొడుగాటి గోడ దగ్గర ఆగుతారు. అక్కడ పాత చెక్కకూ కొత్త చెక్కకూ మధ్య నిలువు అతుకులు కనిపిస్తే, వరసగా ఎన్నున్నాయో లెక్కపెడతారు. తర్వాత దిక్సూచి తీసి చూసుకుంటారు, తూర్పో పడమరో.