దేవుడి గదిలో బూట్లు

టోర్నడోల రోజును వెంబడించడం అనగానే కారేసుకుని మేఘాల వెంట పరుగెత్తడమేనని చాలామంది అనుకుంటారు. అంతా సినిమాల పుణ్యం. ఉత్తర టెక్సస్‌లో నాలాంటివాళ్లు చేసేది చాలా చప్పటి పని. పొద్దున్నే కాఫీ తాగుతూ ఒక మ్యాపు తెరిచి, రంగు మన ఊరిదాకా వచ్చిందా లేదా అని చూసుకోవడం, మధ్యాహ్నం మళ్లీ చూడటం. మార్చి నుంచి జూన్ దాకా మా ఇంట్లో ఇదే పారాయణం. ఇన్నేళ్లుగా చూస్తున్న మీదట నాకు కుదిరిన అభిప్రాయం ఒకటే. ఈ విద్యలో చెయ్యాల్సిన పనంతా ఆకాశం నీలంగా ఉన్నప్పుడే అయిపోవాలి. సుడి నేలకు దిగాక ఇంకా చూస్తూ కూచున్నామంటే విద్య అబ్బలేదన్నమాటే.

ఆ మ్యాపు వచ్చేది ఓక్లహోమాలోని నార్మన్ నుంచి. అక్కడి స్టార్మ్ ప్రిడిక్షన్ సెంటర్ అర్ధరాత్రి దాటాక ఒంటిగంటకు మొదలుపెట్టి రాత్రి ఎనిమిదింటిదాకా రోజుకు ఐదుసార్లు ఆనాటి అంచనా ఇస్తుంది. ముప్పు పెరిగేకొద్దీ ముదురాకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు, ఆఖరున మెజెంటా. ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో రేడియోలో విని పెరిగిన కోస్తావాళ్లకు ఈ మెట్ల లెక్క కొత్తేం కాదు. అయితే బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం మనకు రోజుల గడువిస్తుంది. దానికి దారి ఉంటుంది, ముదిరితే పేరు పెడతారు, తీరం దాటే చోటు చెబుతారు. టోర్నడోకి అవేవీ లేవు. ఈ మూడు రాష్ట్రాల్లో ఎక్కడైనా రావచ్చని పొద్దున చెబుతారు, సాయంత్రం అది ఒక్క వీధిలోకి వస్తుంది. మూడు రాష్ట్రాల నుంచి ఆ ఒక్క వీధిదాకా గంటగంటకూ చుట్టు బిగించుకుంటూ పోవడమే వెంబడించడం.

చూడాల్సినవి నాలుగైదే. గల్ఫ్ నుంచి తేమ ఉత్తరానికి ఎంతదూరం వచ్చింది? గాల్లో తేమను చెప్పే డ్యూ పాయింట్ 65 డిగ్రీల ఫారన్‌హీట్ దాటిందా? బందరు ఉక్కపోత ఎరిగినవాడికి ఆ అంకె కూడా అక్కర్లేదు, వాకిట్లో నిలబడితే చొక్కా చెబుతుంది. మెక్సికో పీఠభూమి మీదుగా వచ్చే వేడి పొడిగాలి ఈ తేమగాలి మీద మూతలా పరుచుకుంటుంది. పొద్దున్నే మూత ఊడితే మామూలు వానలు పడి పోతాయి. రాత్రిదాకా ఊడకపోతే అసలు మేఘమే లేవదు. మధ్యాహ్నం మూడు నాలుగింటికి అక్కడక్కడా చిల్లులు పడ్డాయా, ఇక భయపడాలి. ఒక్కో మేఘం పక్కన పోటీ లేకుండా ఒంటరిగా యాభై వేల అడుగుల ఎత్తుకు లేస్తుంది. నేల దగ్గర ఆగ్నేయం నుంచి వీచే గాలి, ఎత్తుకు పోయేకొద్దీ నైరుతికి, పడమటికి తిరుగుతూ వేగం పెంచుకుంటుంటే ఆ మేఘం మొత్తంగా గిరగిరా తిరగడం మొదలుపెడుతుంది. ఉదయం ఎగరేసిన బెలూన్లు ఈ సంగతులన్నీ కొలిచి పంపిస్తాయి. గడ్డురోజుల్లో మధ్యాహ్నం ఇంకోటి అదనంగా ఎగరేస్తారు. ఆ అదనపు బెలూన్ కబురు తెలిస్తే నేను సాయంత్రం పనులేవీ పెట్టుకోను.

ఇదంతా ఇప్పుడు ఫోన్లోకి వచ్చింది గానీ, ఒకప్పుడు అమెరికా వాతావరణ శాఖ తన అంచనాల్లో 'టోర్నడో' అన్న మాటనే రానిచ్చేది కాదు, జనం బెదిరిపోతారని. 1948 మార్చి 20న ఓక్లహోమాలోని టింకర్ వైమానిక స్థావరం మీద టోర్నడో పడి విమానాలు తుక్కయ్యాయి. ఇలాంటివి ముందే చెప్పగలరేమో చూడండని ఫాబుష్, మిల్లర్ అనే ఇద్దరు అధికారులకు పురమాయించారు. ఐదు రోజులు తిరక్కుండానే, మార్చి 25న, మ్యాపు మీద అచ్చం అదే అమరిక కనబడింది. ధైర్యం చేసి చెప్పారు. ఆ సాయంత్రమే అదే స్థావరానికి మళ్లీ టోర్నడో వచ్చింది. మొదటి జోస్యమే ఇంత సూటిగా తగలడం ఏ శాస్త్రానికైనా అరుదు. ఆ తర్వాత ఎన్ని గురి తప్పాయన్నది వేరే కథ.

ఈ విద్యకు పెద్దబాలశిక్ష లాంటి రోజు 2011 ఏప్రిల్ 27. ఎవరైనా నేర్చుకుంటానంటే నేను ఆ రోజుతోనే మొదలుపెట్టమంటాను. మిసిసిపి, అలబామా ప్రాంతానికి ముప్పుందని నార్మన్ కేంద్రం రోజుల ముందే చెప్పింది, ఆ రోజు మెజెంటా వేసింది. తెల్లవారుజామున బారులు తీరిన గాలివాన ఒకటి అలబామాను ఊడ్చుకుంటూ పోయింది. అందులోనూ టోర్నడోలున్నాయి, ప్రాణాలు పోయాయి. లక్షల మందికి కరెంటు పోయింది. వాతావరణ హెచ్చరికలు వినిపించే రేడియో ట్రాన్స్‌మిటర్లు కొన్ని మూగబోయాయి. ఆ తర్వాత ఎండ కాసింది.

ఆ ఎండ దగ్గరే ఆగి ఆలోచించాలి. మామూలు మనిషికి ఎండ వచ్చిందంటే గండం గడిచినట్టు. చెట్లు తొలగించుకోవాలి, కరెంటు ఆఫీసుకు ఫోన్ చెయ్యాలి, ఫ్రిజ్‌లో సరుకు పాడవకుండా చూసుకోవాలి. మ్యాపు చదవగలిగినవాడికి ఆ ఎండే గుబులు. పొద్దుటి వాన చల్లబరిచిన గాలిని అది మళ్లీ కాచింది. దక్షిణం నుంచి తేమ మళ్లీ ఎక్కింది. పైన ఉధృతంగా వీచే గాలులు అప్పటికింకా రానేలేదు. అసలు మేఘాలకు చోటు ఖాళీ అయింది, అంతే. మధ్యాహ్నం మూడు దాటాక హ్యాకిల్‌బర్గ్, ఫిల్ క్యాంప్‌బెల్ ఊళ్లను నేలమట్టం చేసిన టోర్నడో 132 మైళ్లు నడిచి 72 మందిని పొట్టన పెట్టుకుంది. అంటే దాదాపు విజయవాడ నుంచి రాజమండ్రి దాటి తుని వైపు పోయేంత దూరం. ఐదు దాటాక టస్కలూసా నగరంలోకి ఇంకొకటి వచ్చింది. బర్మింగ్‌హామ్ టీవీలో వాతావరణం చెప్పే జేమ్స్ స్పాన్ కోటు విప్పి, చొక్కా మీది పట్టీలతో నిలబడి, టవర్ కెమెరాలో దాన్ని ప్రత్యక్షంగా చూపిస్తూ ఏ వీధి మీదికి వస్తోందో చెబుతూ పోయాడు. ఆయన కోటు విప్పాడంటే పరిస్థితి ముదిరినట్టేనని అలబామాలో పిల్లలకు కూడా తెలుసు. ఆ ఒక్క రోజులోనే అత్యంత తీవ్రమైన ఈఎఫ్-5 శ్రేణివి నాలుగు. మృతులు మూడొందలు దాటారు.

అంచనాలో లోపం లేదు. హెచ్చరికలు ముందే వెళ్లాయి. అయినా అంతమంది పోయారు. అప్పటినుంచి స్పాన్ ఊరూరా తిరిగి ఒకటే మొత్తుకుంటున్నాడు, సైరన్‌ను నమ్ముకోవద్దని. సైరన్ పెట్టింది ఆరుబయట ఉన్నవాళ్ల కోసం. ఏసీ వేసుకుని తలుపులు మూసుకున్న ఇంట్లో అది వినబడదు.

వినబడ్డా మనిషి కదలడు. అదే ఏడాది మే 22న మిజోరీలోని జాప్లిన్‌లో 158 మందిని చంపిన టోర్నడో తర్వాత జాతీయ వాతావరణ సేవ జనాన్ని అడిగి తెలుసుకుంది. మొదటి సైరన్‌కు చాలామంది లోపలికి పోలేదు. ఇంకో గుర్తు కోసం చూశారు. టీవీ పెట్టారు, చుట్టాలకు ఫోన్ చేశారు, బయటికొచ్చి ఆకాశం చూశారు. సైరన్లు తరచూ మోగి ఊరికే పోతుంటే అలవాటు పడిపోయారు. వాళ్లను తప్పు పట్టలేం. అమెరికాలో ఇచ్చే టోర్నడో వార్నింగుల్లో సగానికి పైగా ఉత్తివే అవుతాయి. నాకు కోపం వచ్చేది మాలాంటి వాళ్ల మీద. రాడార్ చదవడం వచ్చినవాడికి ఇంకో గుర్తు, ఆపైన ఇంకో గుర్తు ఎప్పుడూ దొరుకుతూనే ఉంటుంది. కొక్కెం ఆకారం వచ్చిందా? ఎరుపు, ఆకుపచ్చ పక్కపక్కన చేరాయా? ఎరుపు రాడార్ నుంచి దూరంగా పోయే గాలి, ఆకుపచ్చ దగ్గరికి వచ్చే గాలి, రెండూ అంటుకున్నాయంటే అక్కడ సుడి తిరుగుతున్నట్టు. దాని మీద ఇంకో పటం ఉంది, గాల్లోకి లేచిన చెత్తను పట్టిస్తుంది. అందులో మచ్చ కనబడగానే మా గ్రూపుల్లో వేళ్లు చకచకా ఆడతాయి. ఆ మచ్చ ఎవరి పైకప్పో, ఎవరి గోడో. అందమైన కొక్కెం అని ఎవరైనా రాస్తే నాకు చిరాకు.

రాడార్‌కున్న పరిమితి కూడా తెలియాలి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి దూరం పోయేకొద్దీ దాని కిరణం నేలకు ఎత్తుగా పోతుంది. అరవై మైళ్ల అవతల నేల మీద ఏం జరుగుతోందో దానికి కనబడదు. అందుకే ఇప్పటికీ పొలం గట్టున నిలబడి కళ్లతో చూసి చెప్పే శిక్షణ పొందిన స్వచ్ఛంద పరిశీలకులు కావాలి. వాళ్లకీ పూచీ లేదు. 2013 మే 31న ఓక్లహోమాలో ఎల్ రీనో దగ్గర 2.6 మైళ్ల వెడల్పైన టోర్నడో చటుక్కున దారి మళ్లి టిమ్ సమారాస్‌ను, ఆయన కొడుకు పాల్‌ను, సహచరుడు కార్ల్ యంగ్‌ను బలిగొంది. టోర్నడో దారిలో పరికరాలు పెట్టి లోపలి పీడనం కొలిచినవాడు సమారాస్. జాగ్రత్తపరుడిగా పేరున్నవాడు.

ఇక ఏమీ జరగని రోజులు. 2019 మే 20న ఓక్లహోమాలో మెజెంటా వేశారు, బళ్లకు సెలవిచ్చారు. టోర్నడోలు వచ్చాయి గానీ భయపడ్డంత కాదు. మర్నాడు ఆఫీసుల్లో ఒకటే వెటకారం. ఇలాంటి రోజుల్లో మా అమ్మ కూడా ఊరుకోదు. సందర్శకుల వీసా మీద వచ్చి ఆరు నెలలు ఉండి వెళుతుంది. దివిసీమ ఉప్పెన నాటికి పెళ్లీడు పిల్ల, 1977 నవంబరు 19 రాత్రి ఆమెకు ఇంకా నిద్రలో వస్తుంది. అలాంటి మనిషికి నేను చెప్పే ముప్పు మాత్రం ఆనదు. మా ఇంట్లో మెట్ల కింది గదే దేవుడి గది. ఈ ప్రాంతంలో ఇళ్లకు నేలమాళిగలు దాదాపు ఉండవు. కిటికీ లేకుండా, ఇంటి మధ్యలో, కింది అంతస్తులో ఉన్న చోటు అదొక్కటే. నారింజ రంగు పడగానే నేను బూట్లు తెచ్చి అక్కడ పెడతాను.

"దేవుడి గదిలోకి చెప్పులేంట్రా?" అంటుంది.

"పైకప్పు లేచిపోతే గాజుపెంకుల మీద వట్టికాళ్లతో నడుస్తావా అమ్మా?"

"లేవలేదుగా మొన్న?"

ఈ ప్రశ్నకు జవాబు లేదు. చివరికి బూట్లు ఉతికి, కొత్త సంచిలో కట్టి పెడితే ఒప్పుకుంది. పక్కనే మావాడి క్రికెట్ హెల్మెట్లు. టోర్నడోలో తలకు తగిలే దెబ్బలే ప్రాణం మీదికి తెస్తాయని అలబామా డాక్టర్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. శనాదివారాలు క్రికెట్ ఆడే తెలుగువాళ్లకు ఆ కొరత లేదు.

డాలస్ చుట్టుపక్కల ఉన్న మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సింది 2015 డిసెంబరు 26. చలికాలం, శనివారం, చీకటి పడ్డాక. గార్లండ్‌లో టోర్నడోకి పది మంది పోయారు, ఎక్కువమంది హైవే మీద కార్లలో ఉన్నవాళ్లే.

కాబట్టి ఈ వారం రెండు పనులు చెయ్యండి. మీ కౌంటీ పేరు, పడమటి పక్కనున్న కౌంటీ పేరు నేర్చుకోండి. జిప్ కోడ్ అందరికీ వచ్చు, వార్నింగు టీవీలో చదివేది కౌంటీ పేరుతో. రెండోది, ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను మీ ఇంట్లో అలాంటి గదిలో ఒకసారి కూచోబెట్టి చూపించండి. వై-ఫై మీదే నడిచే వాళ్ల ఫోన్‌కు హెచ్చరిక వస్తుందన్న నమ్మకం లేదు, టీవీలో ఆ గబగబా ఇంగ్లిషు వాళ్లకు అందదు. టోర్నడోలు ఎక్కువగా వచ్చేది సాయంత్రం నాలుగు, తొమ్మిది మధ్య. మీరు ఆఫీసు నుంచి ఇంకా బయల్దేరని వేళకు ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే.