కుబుసం చెప్పే కబురు

పాము విడిచిన కుబుసాన్ని చెత్తబుట్టలో వేసే ముందు నేను దాన్ని నీళ్లలో తడిపి బల్ల మీద పరుస్తాను. ముక్కు నుంచి తోక దాకా, తిరగేసి విప్పిన మేజోడులా ఒకే ముక్కగా వచ్చిందా? కళ్ల మీది గుండ్రటి పొరలు రెండూ అందులోనే ఉన్నాయా? తోక కొస తెగకుండా వచ్చిందా? పొట్ట కింది పలకల్లో చిరుగు గానీ మచ్చ గానీ ఉందా? ఈ నాలుగూ చూసుకుంటే పాము ఒంటిని సగం పరీక్ష చేసినట్టే.

మా ఇంట్లో ఉన్నది బాల్ పైథాన్. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ వైపు పాము. భయమేస్తే తల లోపల దాచుకుని బంతిలా చుట్టుకుపోతుంది కాబట్టి ఆ పేరు. ఇక్కడ డాలస్‌లో పెంపుడు జంతువుల దుకాణంలోనే దొరుకుతుంది. మా అబ్బాయి హైస్కూల్లో ఉండగా తెచ్చుకున్నాడు, కాలేజీకి వెళ్తూ నాకు అప్పజెప్పాడు. సరిగ్గా చూసుకుంటే ఇవి 20, 30 ఏళ్లు బతుకుతాయి. సెయింట్ లూయిస్ జూలో 60 ఏళ్లు దాటిన బాల్ పైథాన్ ఒకటి 2020లో గుడ్లు పెట్టింది. అంటే నా రిటైర్మెంటు తర్వాత కూడా ఈ ఉద్యోగం ఉంటుందన్నమాట.

ఇది చదివి మన ఊళ్లలో ఎవరికైనా సరదా పుడితే ముందే ఒక మాట. నాగుపాము, జెర్రిపోతు, కొండచిలువ... మన దేశపు పామును పట్టి ఇంట్లో పెంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీ పామునైనా ప్రభుత్వం దగ్గర నమోదు చేయించాల్సిందే.

కొత్తగా పెంచేవాళ్లను మొదట కంగారు పెట్టేది జబ్బు కాదు, కుబుసానికి ముందు వచ్చే మసక. ఒళ్లు రంగు తగ్గుతుంది, పొట్ట గులాబీ రంగుకు తిరుగుతుంది, కళ్లు నీలంగా పాలిపోతాయి. పాముకు కనురెప్పలుండవు, కంటిని కాచేది పారదర్శకమైన పొలుసు. పాత పొరకూ కొత్త పొరకూ మధ్య ద్రవం చేరినప్పుడు ఆ పొలుసు మసకబారుతుంది. కొద్ది రోజులకు తేటబడుతుంది, ఆ తర్వాత మామూలుగా వారంలోపే కుబుసం ఊడుతుంది. ఫోనులో మా అమ్మకు చెబితే, "కుబుసం పట్టిన పాముకు కళ్లు కనపడవురా, దాని జోలికి పోకు" అంది. పశువైద్యులు చెప్పేదీ అదే. ఆ రోజుల్లో ఎత్తుకోవద్దు, మేత పెట్టే తొందరా వద్దు.

పాముల చర్మానికి చేసే చికిత్సలో కష్టమైన భాగం ఇదే, చెయ్యి ఆపుకోవడం. కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, మిగతాది ఒంటికి అంటుకుపోయి కనిపిస్తే గోటితో గీకాలనిపిస్తుంది. మా ఆవిడ కొబ్బరినూనె సీసా పట్టుకుని వచ్చి "కాస్త రాయనా అండీ?" అంటుంది. ఆ పొర అలా మిగలడానికి కారణం చాలాసార్లు గాలిలో ఉంటుంది. బాల్ పైథాన్‌కు తేమ 60 శాతం దరిదాపుల్లో ఉండాలి. చలికాలంలో హీటర్ నడిచే ఇంట్లో అంత తేమ ఎక్కడిది? తడిపి పిండిన నాచు ఒక డబ్బాలో వేసి, పాము దూరేంత రంధ్రం పెట్టి, పాము ఉండే పెట్టెలో ఉంచితే అదే దూరి, ఒళ్లు నాన్చుకుని, మిగిలిన పొరను వదిలించుకుంటుంది. కంటి మీద పాత పొర మిగిలితే పట్టకారు జోలికి అసలు వెళ్లకూడదు. లాగితే కింది కొత్త పొలుసు, దానితో పాటు కన్నూ దెబ్బతింటాయి. తేమ సరిచేసి వచ్చే కుబుసం దాకా ఆగాలి. అప్పుడూ ఊడకపోతే డాక్టరు చూడాలి.

తోక సంగతి వేరు. అక్కడ ఉంగరంలా మిగిలిన పొర ఎండి బిగిస్తే రక్తం ఆడక తోక కొస నల్లబడి చచ్చిపోతుంది. దానికి వచ్చే కుబుసం దాకా ఆగడం పనికిరాదు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, తడిగుడ్డ మధ్య మెల్లగా జారనివ్వాలి. లొంగకపోతే అదే రోజు డాక్టరు దగ్గరికి.

తేమ కావాలన్నారు కదా అని కింద పరిచినదంతా తడిపేస్తే ఇంకో జబ్బు మొదలవుతుంది. పొట్ట పలకలు ఎర్రబడి, గోధుమరంగుకు తిరిగి, బొబ్బలెక్కుతాయి. దీన్నే ఇక్కడ స్కేల్ రాట్ అంటారు. తేమ గాలిలో ఉండాలి గానీ పొట్ట కింద కాదు. తొలిదశలో పరుపు తీసేసి పొడి కాగితం వెయ్యడం, పలుచటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపిన పోవిడోన్ అయోడిన్‌తో తుడవడం ఉపయోగపడతాయి. బొబ్బ చిట్లి పుండైతే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ కావాలి. పాము ఒంట్లో మందు నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి సెఫ్టాజిడిమ్ లాంటిది మూడు రోజులకొకసారి ఇస్తారు. అదీ ఒంటి ముందు సగంలోనే, ఎందుకంటే వెనక సగం నుంచి వచ్చే రక్తం మూత్రపిండాల మీదుగా పోతుంది. మెడికల్ షాపులో నొప్పి తగ్గించే మందు కలిపి అమ్మే ఆయింట్‌మెంట్లు పాముకు రాయకూడదు.

కాలిన గాయం కూడా పొట్ట మీద ఇలాగే ఉంటుంది. కింద హీట్ మ్యాట్ మరీ వేడెక్కినా పాము తప్పుకోకుండా దాని మీదే పడుకోగలదు. మచ్చలు మ్యాట్ ఉన్న చోటికి సరిపోతున్నాయా, తడి ఉన్న చోటికా అని చూస్తే తేడా కొంత తెలుస్తుంది. థర్మోస్టాట్ లేని మ్యాట్‌ను అసలు వాడకూడదు.

పాము గంటల తరబడి నీళ్ల గిన్నెలోనే పడి ఉంటే పేలను, అంటే మైట్లను, అనుమానించాలి. మిల్లీమీటరు కూడా సరిగా లేని నల్ల చుక్కలు, కళ్ల చుట్టూ, గడ్డం కింది మడతలో ఉంటాయి. తెల్లటి తడిగుడ్డతో తుడిస్తే బయటపడతాయి. ఇవి గుడ్లు పెట్టేది పాము మీద కాదు, పెట్టె సందుల్లో. అందుకే పాముకు మాత్రమే మందు వేస్తే లాభం లేదు. పెట్టె మొత్తం కడగాలి, చెక్కముక్కలు పారెయ్యాలి, గుడ్లు పొదిగే వ్యవధి లెక్కేసి మళ్లీ చెయ్యాలి. ఇంట్లో తాబేలు కూడా ఉంటే మరీ జాగ్రత్త, పేలకు వాడే ఐవర్‌మెక్టిన్ తాబేళ్ల ప్రాణం తీస్తుంది. కొత్త పామును తెస్తే రెండు మూడు నెలలు వేరే గదిలో ఉంచమనేది ఈ పేల కోసం కూడా.

ముఖం మీద పక్కులు, వాపు కనిపిస్తే కంటితో చూసి నేను చేసే పరీక్ష అక్కడితో ఆగిపోతుంది. అమెరికాలో 2006లో న్యూ హాంప్‌షైర్ అడవి పాముల్లో ఇలాంటి జబ్బు చూశారు. దానికి కారణమైన ఓఫిడియోమైసిస్ అనే శిలీంధ్రాన్ని 2009లో మొదట వర్ణించింది మాత్రం జార్జియాలో మనుషుల దగ్గర పెరిగిన పాము నుంచి. కాటు, కాలిన గాయం, స్కేల్ రాట్... దేనిలాగైనా కనబడుతుంది. ల్యాబ్ పరీక్ష తప్ప దారిలేదు.

ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు పరుగెత్తాలో తేల్చుకోవడానికి నేను ఒకటే చూస్తాను. ఇబ్బంది చచ్చిన పొరలోనా, బతికున్న కండలోనా? పొరలోదైతే గాలి, తేమ, వేడి సరిచేసి ఓపిక పట్టొచ్చు. కండ దాకా వస్తే డాక్టరు. అయితే కుక్కల్నీ పిల్లుల్నీ చూసే డాక్టర్లందరూ పాముల్ని చూడరు. పాము మీద మనసు పడ్డవాళ్లు కొనకముందే మీ ఊళ్లో చూసే డాక్టరు ఎవరో కనుక్కోండి. మొదటి విజిట్ బిల్లు పాము ఖరీదును దాటినా ఆశ్చర్యపోకండి. అంత ఖర్చు దేనికి అనిపిస్తే, పాము మీకు సరిపడదు.